హీటు ముల్లు లేని కారు

నేను పనిచేసిన కార్ల వర్క్‌షాపు ఏలూరులో ఇప్పటికీ ఉంది. అటు వెళ్ళినప్పుడల్లా అక్కడి మెకానిక్కులు కుర్చీ వేసి, టీ తెప్పించి, ఏదో ఒక వాదన నా ముందు పెడతారు. మొన్న పెట్టిన వాదన ఇది: ఈ కాలం కార్లలో డ్రైవరు ముందు మీటర్లు అసలెందుకు? బండికి ఏ జబ్బు చేసినా దీపం వెలుగుతుంది, కూత వినబడుతుంది, తెర మీద అక్షరాలు కూడా వస్తాయి. పెట్రోలు ఎంతుందో తెలిస్తే చాలు, మిగతా ముళ్ళన్నీ అలంకారమేనని సగం మంది తీర్మానం చేసేశారు. మీటర్లు కావాలని నేను ఒక్క మాటలో చెప్పేశాను. ఎందుకు కావాలో చెప్పేసరికి టీ చల్లారిపోయింది. వాళ్ళకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు చదువుకుంటారని.

మా నాన్న తాడేపల్లిగూడెంలో గడియారాలు బాగుచేసేవారు. ముల్లు అనే వస్తువు మీద నాకు గౌరవం అక్కడే మొదలైంది. ఆ దుకాణం నాకు ఇరుకనిపించి లారీల షెడ్డులో చేరాను. అక్కణ్ణుంచి ఏలూరు వచ్చి, కార్ల కంపెనీ షోరూముకి చెందిన ఈ వర్క్‌షాపులో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను.

ఇన్నేళ్ళలో నేను చూసిన డ్రైవర్లలో స్పీడు ముల్లు చూసి నడిపేవాడు అరుదు. రోడ్డు ఎంత ఇస్తే అంత వేగం, అదే వాళ్ళ పద్ధతి. పెట్రోలు ముల్లు మాత్రం అందరూ చూస్తారు. చూసి కూడా నమ్మరు, అడుగున ఇంకా కాస్త ఉండకపోతుందా అని ధీమా. ఇక మిగిలింది హీటు ముల్లు, అంటే ఇంజను ఎంత వేడెక్కిందో చూపించేది. మంచి డ్రైవరు దాన్ని చూస్తున్నట్టు కనిపించడు గాని చూస్తూనే ఉంటాడు. ముల్లు రోజూ కూర్చునే చోటే కూర్చుంటే వాడి మనసు నిమ్మళంగా ఉంటుంది. కాస్త పైకి జరిగిందంటే ఏసీ కట్టేస్తాడు, ఇంకాస్త జరిగితే చెట్టు నీడ చూసుకుని బండి ఆపేస్తాడు. మా దగ్గరికి ఇంజను బాగుండగానే వచ్చి బోలెడంత పని తప్పించుకున్న బండ్లన్నీ ఆ ముల్లు పుణ్యమే.

రెండు వేల దశకం చివర్లో మా కంపెనీ ఓ కొత్త చిన్న కారు తెచ్చింది. బండి బాగుంది, నేను కాదనను. కాని అందులో హీటు ముల్లు తీసేశారు. దాని బదులు మీటరు అద్దం వెనక, ఓ మూల, చిన్న దీపం పెట్టారు. ఇంజను చల్లగా ఉంటే అది నీలంగా వెలుగుతుంది, మితిమీరి కాగితే ఎర్రగా వెలుగుతుంది, మామూలుగా ఉంటే అసలు వెలగదు. కంపెనీ తరఫున మా జిల్లాకి వచ్చే ఏరియా ఇంజనీరుకి ఈ మార్పు తెగ నచ్చింది. అతను విజయవాడ అబ్బాయి, చదువుకున్నవాడు, పని తెలిసినవాడు.

"ముల్లుని ఎవరు చూస్తున్నారండీ ఫోర్‌మన్ గారూ? ఎర్ర దీపమైతే చూడనివాడికి కూడా కనబడుతుంది" అన్నాడు ఒకరోజు.

"కొంప అంటుకున్నాక కనబడుతుందండీ. ముల్లు ముందే చెబుతుంది."

"మీరు గడియారాలవారి అబ్బాయి కదా, ముల్లు లేకపోతే మీకు తోచదు" అని నవ్వేవాడు. నాకు అతనంటే ఇష్టమే. వాదించేటప్పుడు గొంతు పెంచేవాడు కాదు. పొరపాటని తెలిస్తే ఒప్పుకునే రకం. పెద్ద కంపెనీల్లో ఆ రకం మనుషులు నాకు ఎక్కువమంది తగల్లేదు.

ఆ మోడలు వచ్చిన మరుసటి వేసవిలో, ఓ మంగళవారం మధ్యాహ్నం, ఆ రకం కారునే ఒకదాన్ని ట్రాక్టరుకి కట్టి మా గేట్లోకి లాక్కొచ్చారు. పెదపాడు వైపు చేపల చెరువులున్న ఒక రైతుగారి బండి అది. పక్క సీట్లోంచి రైతుగారు దిగారు, స్టీరింగు దగ్గర్నుంచి ఆయన డ్రైవరు దిగాడు. డ్రైవరు కొల్లేరు లంక మనిషి. మొదట్లో రైతుగారి చెరువుల్లో దోనె మీద తిరుగుతూ చేపలకి మేత వేసేవాడు. తర్వాత ట్రాక్టరు నేర్చుకున్నాడు, ఆ తర్వాత కారు. వాళ్ళ పాత కారు నడిపిందీ ఇతనే. అది కూడా మా దగ్గరికే వచ్చేది.

బానెట్ ఎత్తగానే కారణం కనబడింది. రేడియేటరు ఫ్యాను వైరుని ఎలుక కొరికేసింది. చెరువు గట్ల మీదా, ధాన్యం కొట్ల పక్కనా బండ్లు పెట్టుకునేవాళ్ళకి ఇది మామూలే. బండి వేగంగా పోతున్నంతసేపూ ఎదురుగాలికే ఇంజను చల్లబడుతుంది, ఫ్యాను లేని లోటు తెలియదు. చింతలపూడి దగ్గర పామాయిల్ తోట చూసుకుని తిరిగొస్తుంటే దారిలో రోడ్డు పని జరుగుతోందట. బండ్లన్నీ బారు తీరి నిలబడ్డాయి. అద్దాలు బిగించి, ఏసీ వేసుకుని, ఆ బారులో కాస్త కదలడం, మళ్ళీ ఆగడం. ఇంజను మరిగిపోయింది. ఇంజను మీది హెడ్డు వంకరపోయింది, పిస్టన్లు కదలకుండా పట్టేశాయి.

రైతుగారికి కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఎలుక సంగతి వదిలేయండి. ఇంజను కాగితే దీపం వెలుగుతుందని మీవాళ్ళే చెప్పారు కదండీ. వెలిగిందా, వెలగలేదా? వెలగకపోతే మీ కంపెనీతో తేల్చుకుంటాను. వెలిగిందంటే వీడు చూడకుండా తోలాడన్నమాట. అలాగైతే వీడు నాకొద్దు. రెండిట్లో ఏదో మీరు తేల్చండి."

"వెలగలేదండీ బాబుగారూ" అన్నాడు డ్రైవరు, గోడ పక్కన నిలబడి.

చెరువుల ప్రాంతంలో మనుషులెలా ఉంటారో తెలియనివాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. ఐసు ఫ్యాక్టరీ దగ్గరో, మేత కొట్టు దగ్గరో రైతులంతా రోజూ కలుసుకుంటారు. ఫలానావాడు ఇంజను కాల్చేశాడన్న మాట ఒక్కసారి అక్కడ పడిందంటే ఆ డ్రైవరు చేతిలో ఇంకెవరూ తాళం పెట్టరు. ఇతని పిల్లలిద్దరూ ఏలూరులో చదువుకుంటున్నారు. ఈ వయసులో మళ్ళీ దోనె ఎక్కాలి, సగం జీతానికి.

నేను అతన్ని నమ్మాను, జాలిపడి కాదు. పాత కారు రోజుల్లో ఒకసారి, ఏ రిపేరూ లేని బండిని మా దగ్గరికి తెచ్చి, "ముల్లు రోజూ ఉండే చోట ఉండట్లేదండీ, కొంచెం పైన కూర్చుంటోంది" అన్నాడు. నేను చూస్తే నాకే తేడా తెలియలేదు. విప్పితే లోపల, ఇంజను నీళ్ళని రేడియేటరుకి వదిలే థర్మోస్టాటు అరకొరగా తెరుచుకుంటోంది. అంత కనిపెట్టుకుని ఉండేవాడు కళ్ళముందు ఎర్ర దీపం వెలుగుతుంటే చూడకుండా నడిపాడంటే నా మనసొప్పలేదు. కాని నా మనసొప్పనంత మాత్రాన కంపెనీ ఒప్పుకోదు కదా.

రైతుగారు వెళ్ళాక డ్రైవర్ని పక్కకి పిలిచాను.

"పొద్దున్నే బండి తీసినప్పుడు నీలం దీపం ఎంతసేపుంటుందయ్యా?"

"నీలం దీపమేంటండీ?"

"ఇంజను చల్లగా ఉంటే వెలిగేది."

"ఈ బండికి అలాంటిది లేదండీ. ఎప్పుడూ వెలగలేదు."

నాకు ప్రాణం లేచొచ్చింది. దీపం మొదట్నుంచీ చచ్చి ఉందన్నమాట, తప్పు కంపెనీది, మనిషి బయటపడ్డాడు అనుకున్నాను. కొత్త బండి ఇచ్చినప్పుడు షోరూములో దీపాల గురించి చెప్పారా అని కూడా అడిగాను. పాటల పెట్టె గురించి బాగా చెప్పారండీ అన్నాడు. మా షోరూము అబ్బాయిలకి అదొక్కటే వచ్చు. ఇంజనీరుకి ఫోన్ చేశాను. శుక్రవారం పొద్దున్నే వస్తానన్నాడు. రైతుగారిని కూడా ఆ రోజే రమ్మన్నాను.

శుక్రవారం ఇంజనీరు వచ్చాడు. అప్పటికే డ్రైవరు బస్సులో వచ్చి గేటు దగ్గర కూర్చుని ఉన్నాడు. ఇంజనీరు డ్రైవరు పక్క సీటు తలుపు తీసి, లోపలికి వంగి, తాళం తిప్పాడు. మీటర్లలో అన్ని దీపాలతోపాటు మూలనున్న ఎర్ర దీపం కూడా టక్కున వెలిగి, క్షణం ఉండి ఆరిపోయింది. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ వెలిగింది. ఇంజను చల్లగా ఉంది కాబట్టి నీలం దీపం కూడా వచ్చింది.

"దీపం పనిచేస్తోందండీ ఫోర్‌మన్ గారూ" అన్నాడు మెల్లిగా. అతనికీ సంతోషంగా లేదు. "నేను అదే చెప్పాలి. ఇంకోలా చెప్పలేను."

దీపం వెలుగుతోంది, వెలగలేదని మనిషి చెబుతున్నాడు. నేను అటూ ఇటూ తిరుగుతుంటే, బండ్లు కడిగే అతను తన పాటికి తాను గుడ్డ పట్టుకుని వచ్చి కారు లోపల తుడవడం మొదలుపెట్టాడు. అతని చెయ్యి మీటరు అద్దం మీదికి వెళ్ళేసరికి డ్రైవరు గబుక్కున లేచి వచ్చాడు.

"ఆ బొట్టు తుడవకండీ. అమ్మగారు పెట్టింది."

అప్పుడు చూశాను. కొత్త బండికి పూజ చేసేటప్పుడు అందరూ పెట్టే గంధం బొట్టే, పైన కుంకుమ. స్టీరింగు సందులోంచి చెయ్యి పెడితే అందే మూలన, మీటరు అద్దం మీద ఉంది. కాని ఇది ఒక్కరోజు పెట్టిన బొట్టులా లేదు. పొర మీద పొర ఎండి రూపాయి బిళ్ళంత అయింది.

"ఇది ఎప్పుడు పెట్టారు?" అన్నాను.

"ప్రతి శుక్రవారం పెడతారండీ, బాబుగారి అమ్మగారు. పాత కారుకీ అక్కడే పెట్టేవారు."

డ్రైవర్ని అతని సీట్లో కూర్చోమన్నాను. రోడ్డు మీద ఎలా కూర్చుంటావో అలాగే కూర్చో, అటూ ఇటూ వంగకు అన్నాను. అవతలి తలుపు దగ్గర ఇంజనీరు వంగి చూస్తున్నాడు. నేను చెయ్యి పెట్టి తాళం తిప్పాను.

"ఏమేం వెలిగాయో చెప్పు."

"ఆయిలు దీపం అండీ. బ్యాటరీది. హ్యాండ్ బ్రేకుది."

"ఇంకా?"

"అంతేనండీ."

ఇంజనీరు నా వైపు చూశాడు. అతనున్న చోటినుంచి, బొట్టు పక్కగా, ఎర్ర దీపం కనబడింది. మళ్ళీ తిప్పాను. డ్రైవరు మళ్ళీ ఆ మూడే చెప్పాడు. ఇంజనీరు అతన్ని దింపి తను కూర్చున్నాడు, తాళం తిప్పాడు, తల పక్కకి వంచి చూశాడు, నిటారుగా కూర్చుని చూశాడు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. దీపం ఉండేది ఒక్కచోటే. బండి బాగున్నప్పుడు అది వెలగదు, దాని మీద ఏదైనా అడ్డమున్నా వెలగనట్టే ఉంటుంది. ఈ రెండిటికీ తేడా సీట్లో కూర్చున్నవాడికి తెలియదు. ముల్లు బాగున్నప్పుడు కూడా బాగున్నానని చెబుతూనే ఉంటుంది. కనబడకపోతే, కనబడట్లేదన్న సంగతైనా తెలుస్తుంది. పాత కారులో కూడా ఆ బొట్టు హీటు ముల్లు ఉండే మూలనే పడింది. అడుగున ఉన్న చల్లని గీత దాని కింద దాక్కుంది. ఇంజను వేడెక్కేకొద్దీ ముల్లు బొట్టు కిందనుంచి లేచి పైకొచ్చేది. ఈ డ్రైవరు అన్నేళ్ళూ చూసుకుంది దాన్నే. ఇప్పుడొచ్చే తెరల గురించి కూడా మీరు ఇదే ప్రశ్న వేసుకోండి. ఏమీ చూపించడం లేదంటే అంతా బాగుందని అర్థమా, అసలు చెప్పడమే మానేసిందని అర్థమా? ఆ రోజు తర్వాత మా దగ్గర కొత్త కారు తీసుకున్న ప్రతి డ్రైవర్నీ, పాటల పెట్టె కంటే ముందు, సీట్లో కూర్చోబెట్టి ఏమేం వెలిగాయో నోటితో చెప్పించాను. షోరూమువాళ్ళు విసుక్కున్నారు, నేను లెక్కచెయ్యలేదు.

మళ్ళీ సంగతికి వస్తాను. నేను చాలా హుషారుగా, "నువ్వు గెలిచావయ్యా, రైతుగారు రానీ" అన్నాను. డ్రైవరు మొహంలో సంతోషం లేదు.

"చెప్పకండీ" అన్నాడు.

"ఏం చెప్పకూడదు?"

"బొట్టు సంగతి. పెద్దబాబుగారు, అంటే మా బాబుగారి అన్నగారు, హైవే మీద యాక్సిడెంటులో పోయారండీ. అప్పట్నుంచీ చిన్నబాబుగారి బండికి వారం తప్పకుండా ఆవిడే వచ్చి బొట్టు పెడతారు. దానివల్లే ఇంజను పోయిందంటే ఆవిడ తట్టుకోలేరండీ. బండి ఆగింది కాబట్టి సరిపోయింది, అదే ఇంకేదైనా అయ్యుంటే అని కుమిలిపోతారు. నాకు ఏదో ఒక పని దొరుకుతుంది లెండి."

నాకు ఒళ్ళు మండింది. అతని మీద కాదు, అతని మాటకి ఎదురు చెప్పలేకపోతున్నందుకు. అయినా నిజం తెలిశాక ఆ మనిషిని వదిలేసే ఉద్దేశం నాకు లేదు. కాకపోతే నేను సాయిబుని. వాళ్ళింటి బొట్టు గురించి నేను నోరెత్తితే ఎలా వినబడుతుందోనన్న బెరుకు ఉందని ఒప్పుకుంటాను. రైతుగారిని ఒక్కరినే లోపలికి పిలిచి చెప్పాలని నిర్ణయించుకున్నాను. ఇంటికెళ్ళి వాళ్ళమ్మగారికి చెబుతారో మానతారో ఆయనిష్టం.

నా ఏర్పాటు నా దగ్గరే ఉండిపోయింది. రైతుగారు అద్దె కారులో వచ్చారు, పక్కన తల్లిని తీసుకుని. ఏలూరులో కంటి డాక్టరుకి చూపించుకుని వస్తున్నారట. ఆవిడ సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి. చేతిలో కుంకుమ భరిణె.

"ఏవండీ సాయిబు గారూ, మా బండెక్కడుందండీ? ఇవాళ శుక్రవారం కదా, షెడ్డులో ఉంటే మాత్రం మన బండి కాకపోతుందా, బొట్టు పెట్టి వెళ్తాను" అన్నారావిడ.

నేను నోరు తెరిచేలోగా డ్రైవరు ముందుకొచ్చాడు.

"బాబుగారండీ, తప్పు నాదేనండీ. దీపం వెలిగింది. నేనే చూసుకోలేదండీ."

రైతుగారు అతన్ని చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "విన్నారా? మొన్న వెలగలేదన్నాడు, ఇవాళ వెలిగిందంటున్నాడు. ఇంక మీరు తేల్చేదేముందండీ?" అన్నారు. ఆ గొంతులో కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది.

"అబద్ధం చెబుతున్నాడండీ" అన్నాను.

"ఎవరు?"

"ఇతనే. మొన్న చెప్పింది నిజం, ఇవాళ చెప్పింది అబద్ధం. మీరొకసారి ఈ సీట్లో కూర్చోండి."

ఆయన కూర్చున్నారు. నేను తాళం తిప్పి, ఏమేం కనబడుతున్నాయో చెప్పమన్నాను. మూడు దీపాలు చెప్పారు. ఈసారి తల పక్కకి వంచి చూడమన్నాను. వంచారు. ఆయన కళ్ళు దీపం మీదనుంచి బొట్టు మీదికి, అక్కణ్ణుంచి డ్రైవరు మీదికి వెళ్ళాయి.

"ఏంట్రా? ఏమైంది?" అన్నారు తల్లి, తలుపు పట్టుకుని.

కొడుకు చెప్పలేకపోయాడు. డ్రైవరు తల దించుకున్నాడు. అక్కడ ఇంకెవరూ చెప్పేలా లేరు కాబట్టి నేనే చెప్పాను.

"అమ్మా, ఇంజను కాగితే వెలిగే దీపం మీ బొట్టు వెనక ఉందండీ. అది వెలిగింది, మీ డ్రైవరుకి కనబడలేదు. మీరు చేసింది తప్పు కాదు, ఎవరైనా అక్కడే పెడతారు. మీరు బాధపడతారని, చెప్పొద్దని నన్ను బతిమాలాడు. ఇప్పుడు తప్పు తన మీద వేసుకుంటోంది కూడా అందుకే."

ఆవిడ ఏడుస్తారని భయపడ్డాను. ఏడవలేదు. కొడుకుని దిగమని, తనే ఆ సీట్లో కూర్చుని, బొట్టుకేసి చూశారు. తర్వాత ఇంజనీరుని చూసి, కంపెనీ మనిషని పోల్చుకున్నట్టున్నారు, అతన్నే అడిగారు.

"పాత కారుకీ ఇక్కడే పెట్టేదాన్ని బాబూ. అప్పుడేం కాలేదే?"

"అప్పుడు ముల్లు ఉండేదండీ. వేడెక్కితే మీ బొట్టుని దాటి పైకొచ్చేది."

"మరి తీసేశారేం?"

ఇంజనీరు తడబడ్డాడు. ఖర్చనో, కొత్త పద్ధతనో ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. తప్పించుకోలేదు.

"ఎవరూ చూడట్లేదని తీసేశామండీ."

ఆవిడ డ్రైవరుని చూశారు.

"మావాడు చూసేవాడు కదా బాబూ."

ఇంజనీరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆవిడ నీళ్ళడిగి, కొంగు తడుపుకుని, ఎండిన బొట్టుని తన చేత్తోనే పొరలు పొరలుగా తుడిచేశారు. అద్దం తేటపడ్డాక భరిణె మూత తీసి, డ్రైవరుని దగ్గరికి పిలిచారు.

"ఎక్కడ పెడితే నీకు అడ్డం రాదో నువ్వే చూపించు."

అతను వేలితో స్టీరింగు మధ్యన చూపించాడు. ఆవిడ అక్కడ పెట్టారు.

రైతుగారు నా దగ్గరికి వచ్చారు.

"బండి ఎప్పటికి అవుతుందండీ?"

"సామాన్లు రావాలండీ. వారం పైనే పడుతుంది."

"అయ్యాక ఫోన్ చెయ్యండి. మావాడొచ్చి తోలుకెళ్తాడు" అన్నారు.